ప్లీడరు పరీక్ష నుంచి బార్ పరీక్ష దాకా: మనవాళ్లు లా ఎలా చదివారు?

మన బడిలో చదివినవారిలో డాక్టర్లు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు, రైతులు, వ్యాపారులు ఉన్నట్టే నల్లకోటు వేసుకున్నవారూ ఉన్నారు. ఇప్పుడు లా చదువుతున్న మన పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ప్లీడరన్నవాడు లేడు. అడిగి తెలుసుకోవడానికి మేనమామో పెదనాన్నో కోర్టులో ఉండడు. అందుకే వాళ్లు మనలాంటి పెద్దవాళ్ల దగ్గరకు వచ్చి ఒకటే ప్రశ్న వేస్తారు: ఇన్ని చట్టాలు, ఇన్ని సెక్షన్లు, వీటిని ఎలా చదవాలి?

ఈ ప్రశ్నకు నూట యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. వీధి దీపం కింద చదివాడని చెప్పుకునే కుర్రాడి దగ్గర నుంచి లండన్ వెళ్లిన బారిస్టర్ల దాకా, చదువు మానేసి మళ్లీ మొదలుపెట్టిన ఆడపిల్లల దాకా ఎందరో దీనికి తమ తమ దారుల్లో జవాబు వెతుక్కున్నారు. స్వర్ణోత్సవ సంచికలో వెనక్కి తిరిగి చూసుకోవడం ఆనవాయితీ కనుక, ఆ దారుల్ని ఒకసారి చూద్దాం. పరీక్షలు మారుతూ వచ్చాయి. పనికొచ్చిన చదువు మాత్రం పెద్దగా మారలేదని నాకు అనిపిస్తుంది.

భోజనాల బల్ల దగ్గర పాఠం

మన న్యాయవాద వృత్తికి అచ్చు ఇంగ్లండు నుంచి వచ్చింది. లండన్‌లో లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ అనే నాలుగు సంస్థలే బారిస్టర్లను తయారుచేసేవి. పాత రోజుల్లో అక్కడ రాతపరీక్ష లేదు. విద్యార్థులు సీనియర్లతో కలిసి భోజనం చేసేవారు. ఆ తర్వాత ఒక కల్పిత దావా తీసుకుని ఇద్దరు ఒకవైపు, ఇద్దరు మరోవైపు వాదించేవారు. పెద్దలు విని తప్పొప్పులు చెప్పేవారు. పుస్తకాలు తక్కువ, ఖరీదు ఎక్కువ. కాబట్టి విన్నదాన్ని గుర్తుపెట్టుకుని నోటితో తిరిగి చెప్పడమే చదువు.

దీనికి తోడు వాళ్లకు ఒక నోటుబుక్కు అలవాటు ఉండేది. లావుపాటి పుస్తకంలో అక్షర క్రమంలో శీర్షికలు పెట్టుకుని, చదివిన ప్రతి తీర్పు సారాన్ని తగిన శీర్షిక కింద రాసుకునేవారు. 1668లో అచ్చయిన ఒక లా గ్రంథానికి ముందుమాట రాస్తూ సర్ మాథ్యూ హేల్ అనే న్యాయమూర్తి విద్యార్థులకు ఈ పద్ధతినే సిఫారసు చేశాడు. ఇంగ్లండులో బారిస్టరు కావడానికి రాతపరీక్ష తప్పనిసరి అయింది చాలా ఆలస్యంగా, 1872లో.

మద్రాసు రాజధానిలో

మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. వృత్తిలో తరగతులు వచ్చాయి. పైన బారిస్టర్లు, తర్వాత బి.ఎల్. పట్టా ఉన్న హైకోర్టు వకీళ్లు, ఆ కింద ఫస్ట్ గ్రేడు, సెకండ్ గ్రేడు ప్లీడర్లు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం ప్లీడర్ల పరీక్షల నిబంధనలు పెట్టే అధికారాన్ని హైకోర్టులకు ఇచ్చింది. ఏ పరీక్ష ప్యాసయితే ఆ మెట్టు వరకే నిలబడే హక్కు. సెకండ్ గ్రేడు ప్లీడరు కింది కోర్టులు దాటి వెళ్లలేడు.

ఈ మెట్లన్నీ ఎక్కినవారిలో తిరువారూరు ముత్తుస్వామి అయ్యర్ పేరు ముందు చెప్పుకోవాలి. తంజావూరు జిల్లాలో పేద కుటుంబం. చిన్నతనంలో గ్రామ కరణం దగ్గర నెలకు ఒక రూపాయి జీతానికి పనిచేశారు. రాత్రిళ్లు వీధి దీపం కింద చదివారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్లీడరు పరీక్ష నెగ్గారు, మునసబు అయ్యారు, ఉద్యోగంలో ఉండగానే బి.ఎల్. సంపాదించారు. 1878లో మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి అయ్యారు. ఆ నియామకాన్ని ఆంగ్లో ఇండియన్ పత్రికలు తప్పుపట్టాయి. దానికి జవాబు చెప్పాలని ఆరుగురు యువకులు ఒక రూపాయి పన్నెండణాలు అప్పుచేసి 80 ప్రతులతో ఒక వారపత్రిక తెచ్చారు. అదే 'ది హిందూ'. ఆ ఆరుగురిలో నలుగురు లా విద్యార్థులు. వారిలో ఒకరు, తర్వాత రాజమండ్రిలో పెద్ద వకీలుగా పేరుపొందిన న్యాపతి సుబ్బారావు పంతులు గారు. పరీక్షకు చదువుకుంటూనే, ఒక అన్యాయమైన మాటకు రాతపూర్వకంగా జవాబిచ్చిన విద్యార్థులు వాళ్లు. వాదన రాయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి సాధన ఏముంటుంది?

గాంధీజీకి దొరికిన చదువు, దొరకని చదువు

బారిస్టరు పరీక్ష ఎలా ఉండేదో గాంధీజీ తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాశారు. పన్నెండు టర్ములు, అంటే దాదాపు మూడేళ్లు, ఇన్‌లో భోజనాలకు హాజరు కావాలి. రోమన్ లా, ఇంగ్లీషు కామన్ లా పరీక్షలు నెగ్గాలి. గైడ్ల వంటి నోట్సు రెండు వారాలు తిరగేసి రోమన్ లా, రెండు మూడు నెలలు తిరగేసి కామన్ లా ప్యాసయ్యేవారు ఎందరో ఉండేవారట. రోమన్ లాలో నూటికి 95 మందికి పైగా, చివరి పరీక్షలో 75 మందికి పైగా నెగ్గేవారని ఆయన లెక్క చెప్పారు.

గాంధీజీ మాత్రం ఆ దారి పట్టలేదు. డబ్బు పెట్టి పుస్తకాలు కొన్నాక చదవకపోవడం మోసమనుకున్నారు. రోమన్ లాను లాటిన్‌లోనే చదివారు. కామన్ లా పుస్తకాలకు తొమ్మిది నెలలు పట్టింది. ఆ లాటిన్ చదువు వృథా పోలేదు. తర్వాత ఆయన వెళ్లిన దక్షిణాఫ్రికాలో చట్టానికి పునాది రోమన్ డచ్ న్యాయమే.

1891 జూన్ 10న బారిస్టరయ్యారు, 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు, 12న ఓడెక్కారు. ఇంత చదివినా బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చున్నారు. ఫీజు 30 రూపాయలు తిరిగి ఇచ్చేశారు. చదివింది బుర్రలో ఉంది గాని, దాన్ని నలుగురి ముందు బయటికి తీసే అలవాటు ఆ చదువులో భాగం కాలేదు. భోజనాల తర్వాత వాదించే పాత సాధన అప్పటికి పోయి, భోజనం మాత్రమే మిగిలింది.

ఆ లోటు దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా కేసులో తీరింది. కేసంతా వ్యాపార ఖాతాల మీద నడిచేది. గాంధీజీకి పద్దులు తెలియవు. పుస్తకం కొనుక్కుని పద్దు లెక్కలు నేర్చుకున్నారు, కాగితాలన్నీ చదివారు. వాస్తవాలే చట్టంలో ముప్పాతిక వంతు అని లండన్‌లో ఒక పెద్దమనిషి చెప్పిన మాట అప్పుడు అర్థమైందని రాసుకున్నారు. పరీక్షకు చదివే పిల్లలు కూడా ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. కోర్టుకు వచ్చే మనిషి సెక్షను నంబరు పట్టుకుని రాడు, జరిగిన సంగతి పట్టుకుని వస్తాడు. ఆ సంగతిలోంచి సెక్షనును వెతికిపట్టడమే ప్లీడరు పని.

ఒంగోలు కుర్రాడు, వెనకున్న మాస్టారు

టంగుటూరి ప్రకాశం పంతులు గారి కథ మనకు ఇంకా దగ్గరిది. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ కుర్రవాడిలోని చురుకు గమనించి వెంట రాజమండ్రి తీసుకువెళ్లి చదివించింది ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. మాస్టార్లు చదివే ఈ సంచికలో ఆ పేరు ప్రత్యేకంగా తలచుకోవాలి. ఆయన చేయి పట్టుకోకపోతే ఆంధ్రకేసరి మనకు ఉండేవారు కాదేమో.

ప్రకాశం గారు ముందు నెగ్గింది సెకండ్ గ్రేడు ప్లీడరు పరీక్ష. రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది, మున్సిపల్ చైర్మన్ పదవీ వచ్చింది. అయినా కింది కోర్టు గడప దాటే హక్కు లేదు. అందుకని 1904లో సంసారాన్ని ఇక్కడ విడిచి లండన్ వెళ్లి మళ్లీ విద్యార్థి అయ్యారు. 1907లో బారిస్టరుగా తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. 'లా టైమ్స్' అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం కూడా వహించారు.

లండన్ వెళ్లేనాటికి ఆయన ఏళ్ల తరబడి సాక్షుల్ని ప్రశ్నించిన ప్లీడరు. కోర్టు చూడకుండా పుస్తకం చదివిన గాంధీజీకీ, కోర్టు చూశాక పుస్తకం పట్టిన ప్రకాశం గారికీ ఇక్కడే తేడా. ఆయన చదివిన ప్రతి సూత్రానికీ వెనక తాను చూసిన ఒక కేసు ఉంది. ఈనాటి విద్యార్థికి అంత అనుభవం ఉండదు నిజమే. కానీ సెలవుల్లో నెలరోజులు మునసబు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సగం బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. దావా, సమను, జవాబు దావా, ఇష్యూలు, సాక్ష్యం, డిక్రీ, అమలు. ఈ వరుస కళ్లతో చూసినవాడు ఇక మరచిపోడు.

శనివారం సమావేశాలు

1891లో మద్రాసు లా కాలేజీ ఏర్పడింది. అదే ఏడు 'మద్రాస్ లా జర్నల్' మొదలైంది. మైలాపూరులో సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ గారింట వకీళ్లు కలుసుకునే 'శనివారం క్లబ్బు' నుంచి ఆ పత్రిక పుట్టింది. అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లు వారానికోసారి కూర్చుని న్యాయ విషయాలు చర్చించుకునేవారంటే, చదువు పరీక్షతో అయిపోదని వాళ్లకు తెలుసన్నమాట.

ఆ పత్రిక స్థాపకుల్లో ఒకరైన పి.ఆర్. సుందర అయ్యర్ దగ్గర జూనియరుగా చేరారు మన నెల్లూరు జిల్లా పూడూరులో అర్చకుల ఇంట పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా పనిచేసి, తర్వాత రాజ్యాంగ ముసాయిదా కమిటీలో సభ్యులయ్యారు. ఎంత తెలివైనవాడికైనా తప్పు దిద్దే సీనియరు, ఎదురు వాదించే తోటివాడు కావాలి.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్లకు ఇంకో కష్టం. ఇంట్లో తెలుగు, వకాలతు పరీక్ష ఉర్దూలో. ఆ దారిన వకీళ్లయినవారు చట్టంతో పాటు భాషనూ సాధించాల్సి వచ్చింది. మన కోర్టుల్లో ఈనాటికీ వినిపించే వకాలతు, దావా, ఫిర్యాది, జప్తు, జామీను వంటి మాటలు ఆ పారశీక ఉర్దూ వారసత్వమే. ఇంగ్లీషంటే బెదిరే మన పిల్లలకు ఇది చెప్పాలి. ప్రతి తరంలోనూ మనవాళ్లు లాను పరాయి భాషలోనే నేర్చుకుని నెగ్గారు.

పరీక్ష నెగ్గినా తలుపు తెరవలేదు

ఆడవాళ్ల సంగతి ఇంకా కఠినం. కార్నీలియా సొరాబ్జీ 1892లో ప్రత్యేక అనుమతితో ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాశారు. 1897లో బొంబాయి ఎల్ఎల్.బి., 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష. అన్నీ నెగ్గారు. స్త్రీ కాబట్టి సన్నదు ఇవ్వలేదు. 1923లో చట్టం వచ్చాక గాని మహిళలకు ఆ హక్కు స్థిరపడలేదు.

మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు చిన్నతనంలోనే బడి మానేశారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లారు. బయటికి వచ్చాక బెనారస్ మెట్రిక్యులేషన్‌తో మొదలుపెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పై చదువులు, 1942లో మద్రాసులో లా పట్టా సాధించారు. ఒకవైపు తాను చదువుకుంటూ, మరోవైపు ఇరుగుపొరుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని అదే మెట్రిక్‌కు పాఠాలు చెప్పారు. ఆంధ్ర మహిళా సభ ఆ పాఠాల్లోంచే ఎదిగింది. ఒకరికి చెప్పబోతే గాని మనకెంత వచ్చో మనకు తెలియదు. ఉపాధ్యాయులకు ఇది నేను చెప్పాల్సిన పనిలేదు.

పరీక్ష పోయింది, మళ్లీ వచ్చింది

1961 అడ్వొకేట్స్ చట్టంతో పాత తరగతులన్నీ పోయి అందరూ ఒకే అడ్వొకేట్లయ్యారు. మొదట్లో ఆ చట్టంలో శిక్షణ, పరీక్ష ఉండేవి. 1973 సవరణతో అవి తొలగిపోయాయి. అంటే మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టిన రోజుల్లో లా పట్టా ఉంటే చాలు, సన్నదు చేతికి వచ్చేది. బార్ కౌన్సిల్ తర్వాత శిక్షణ నిబంధనలు తెచ్చింది గాని 1999లో సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. చివరికి 2010లో తీర్మానం చేసి, 2011 మార్చి 6న మొదటి ఆలిండియా బార్ పరీక్ష పెట్టారు. 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం ఆ పరీక్ష చెల్లుతుందని తీర్పు చెప్పింది.

ఇందులో 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. నోట్సు, వ్యాఖ్యలు లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకుపోవచ్చు. ఇటీవల నెగ్గడానికి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం పెట్టారు. రాజ్యాంగం, రెండు ప్రొసీజర్ కోడ్‌లకు పదేసి, శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం, కుటుంబ న్యాయం, కాంట్రాక్టు వర్గానికి ఎనిమిదేసి. ఈ ఏడింటికే 62 ప్రశ్నలు. పునాది ఎక్కడ గట్టిగా వేయాలో ఈ లెక్కే చెబుతుంది.

పుస్తకం తీసుకుపోనిస్తారు కదా అని చదవకుండా వెళ్లేవారున్నారు. ఎక్కడ ఏముందో తెలియనివాడికి బేర్ యాక్టు చేతిలో ఉన్నా లేనట్టే. వెతుకుతుండగానే గంట కొట్టేస్తారు.

నంబర్లు మారిన రోజు

2024 జూలై 1న 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం స్థానాల్లోనూ కొత్తవి వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది. మోసానికి మారుపేరైన 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపవిభాగం. ఎఫ్.ఐ.ఆర్. 154 నుంచి 173కు మారింది. నంబర్లు బట్టీపట్టినవారి చదువు ఆ ఒక్క రోజుతో పాతబడింది.

కానీ దొంగతనం సంగతి చూడండి. పాత 378, కొత్త 303. అందులోని అంశాలు అవే: దురుద్దేశం ఉండాలి, వస్తువు చరాస్తి కావాలి, మరొకరి స్వాధీనంలో ఉండాలి, వారి సమ్మతి ఉండకూడదు, తీసుకుపోవడానికి వస్తువు కదలాలి. పొరుగువాడి నేలలోని చెట్టును కాజేసే ఉద్దేశంతో నరికితే, నేల నుంచి వేరుపడిన క్షణంలోనే అది దొంగతనమవుతుందన్న ఉదాహరణ కూడా అలాగే ఉంది. ఈ అయిదు అంశాలూ తెలిసినవాడికి కొత్త నంబరు గుర్తుపెట్టుకోవడం ఒక పూట పని.

మన తెలుగు మాస్టారి పద్ధతి

ఇలా అంశాలు విడదీయడం మనకు కొత్త కాదు. తెలుగు క్లాసులో పద్యం ఎలా చెప్పేవారో గుర్తుచేసుకోండి. ముందు పద్యం పైకి చదవడం, పదాలు విడదీయడం, ప్రతిపదార్థం, అన్వయం, చివరికి తాత్పర్యం సొంత మాటల్లో. సెక్షను చదవాల్సింది అచ్చం ఇలాగే. మాటలు విడదీసి అంశాలుగా రాసుకోవాలి, 'మరియు' ఎక్కడుందో 'లేదా' ఎక్కడుందో చూడాలి, మినహాయింపును ప్రధాన వాక్యంతో అన్వయించాలి, పుస్తకం మూసి తాత్పర్యం చెప్పాలి.

పుస్తకం మూయడమే ఇందులో కీలకం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఒక బృందం పాఠాన్ని మళ్లీ చదివింది. రెండో బృందం పాఠం చూడకుండా గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, చూడకుండా రాసినవారికి 56 శాతం, మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంది. పరీక్ష ముందురాత్రి గైడు తిరగేసినప్పుడు అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుందో, తర్వాత ఏదీ ఎందుకు మిగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు చదువుతున్న మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పే పాఠాలు కొన్నే:

రోజుకు అయిదారు సెక్షన్లు చాలు. పైకి చదవండి, అంశాలు విడదీయండి, మూసి రాయండి, తెరిచి దిద్దుకోండి. మూడో రోజు, పదో రోజు, నెల తర్వాత మళ్లీ మూసి రాయండి.

తప్పిన ప్రశ్నలకు విడిగా ఒక నోటుబుక్కు పెట్టండి. ఎందుకు తప్పిందో సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి. పరీక్ష వారంలో తిరగేయాల్సింది అదే.

నలుగురు కలిసి వారానికోసారి కూర్చోండి. ఒకరు కథ చెప్పాలి, ఇద్దరు చెరోవైపు వాదించాలి, ఒకరు తీర్పు చెప్పాలి. తర్వాతి వారం పాత్రలు మార్చుకోవాలి.

పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయండి. బేర్ యాక్టులోని విషయసూచిక మీ ఇంటి గదుల్లా తెలియాలి.

మీకంటే చిన్నవాడికి ఒక పాఠం చెప్పండి.

పెద్దలకు కూడా ఒక విన్నపం. ఇంట్లో అడిగే దిక్కులేని పిల్లలకు పుస్తకాల కంటే ముందు కావలసింది వాదన వినే మనిషి. మనలో ప్రాక్టీసు చేస్తున్నవారు, రిటైరైన మాస్టార్లు నెలకు ఒక శనివారం రెండు గంటలు మన బడి గదిలో కూర్చుంటే చాలు. మైలాపూరు వకీళ్లు చేసిందీ, రాజమండ్రిలో నాయుడు గారు చేసిందీ అదే. దానికి చందాలు అక్కర్లేదు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు.

రేపు ఆ పిల్లల ముందుకు భూమి తగాదాతో ఒక రైతు, మనోవర్తి కోసం ఒక తల్లి, కొడుకు జామీను కోసం ఒక తండ్రి వస్తారు. వాళ్లు తమ ప్లీడరుకు ఎన్ని మార్కులొచ్చాయో అడగరు. తమ తరఫున లేచి నిలబడినప్పుడు నోట మాట వస్తుందా లేదా అని చూస్తారు. ఆ మాట కోసమే ఈ చదువంతా.